ఆరుద్ర పురుగు

తొలకరి వాన కురిసిన మర్నాడు కాస్త ఎండ పొడుస్తుంది. తడిసిన ఎర్రమట్టి మీద, చేనిగట్ల మీద, ఊరి బయట బీళ్ళలో అక్కడక్కడ ఎర్రని చుక్కలు కదులుతూ కనబడతాయి. వంగి చూస్తే అవి చుక్కలు కావు. కుంకుమరంగు మఖమల్ గుడ్డతో చిన్న చిన్న మూటలు కట్టి నేలమీద వదిలినట్లుండే ప్రాణులు. వేలితో తాకితే కాళ్ళు ముడుచుకొని కదలకుండా ఉండిపోతాయి. కొంతసేపటికి మెల్లగా కాళ్ళు చాపి మళ్ళీ నడక మొదలుపెడతాయి. ఇవే ఆరుద్ర పురుగులు. వీటిని అరచేతిలో పెట్టుకొని నడిపించని పల్లెటూరి పిల్లలు తక్కువ.

సూర్యుడు ఆరుద్ర నక్షత్రంలో ప్రవేశించే రోజులను రైతులు ఆరుద్ర కార్తె అంటారు. అది సుమారుగా జూన్ 22న మొదలవుతుంది. ఆ రోజుల్లో కనబడతాయి కాబట్టి మనవాళ్ళు వీటికి ఆ పేరు పెట్టారు. మహారాష్ట్రలో రైతులు ఇదే ప్రాణిని 'మృగాచా కీడా' అంటారు. అంటే మృగశిర పురుగు. అక్కడివారు దీనిని రెండు వారాల ముందే వచ్చే మృగశిర కార్తెతో ముడిపెట్టారు కనుక ప్రాణి ఒకటే అయినా పేరులోని నక్షత్రం మారింది. ఒడిశాలో దీనిని 'సాధబ బొహూ' అంటారు. సాధబులు పూర్వం ఓడలమీద వ్యాపారం చేసిన వర్తకులు. ఎర్రచీర కట్టుకొని ముడుచుకొని నడిచే ఈ చిన్న ప్రాణి ఒరియావారి కంటికి షావుకారి ఇంటి కోడలిలా తోచింది. హిందీలో 'బీర్ బహూటీ' అనే పేరు వాడుకలో ఉంది.

సంస్కృతంలో దీని పేరు ఇంద్రగోపం. ఇంద్రుడు వానదేవుడు, గోపుడంటే రక్షకుడు. ఇంద్రుడు రక్షకుడుగా గలది ఇంద్రగోపం. రామాయణంలోని కిష్కింధాకాండలో వర్షర్తు వర్ణన ఉంది. పచ్చిక మీద ఎర్రగా మెరిసే ఇంద్రగోపాలు అందులో కనబడతాయి. అంతకన్న పాతదైన బృహదారణ్యకోపనిషత్తులోనూ ఈ పేరు వస్తుంది. కొన్ని నిఘంటువులు ఇంద్రగోపానికి 'కొచ్చినీల్ పురుగు' అని అర్థం రాశాయి. అది పొరపాటు. కొచ్చినీల్ అమెరికా ఖండానికి చెందిన కీటకం, నాగజెముడు వంటి మొక్కలను అంటిపెట్టుకొని బతుకుతుంది. రామాయణ కాలపు కవికి అది తెలిసే అవకాశమే లేదు. ఎరుపు ఒక్కటే చూసి అర్థం రాస్తే ఇలాగే జరుగుతుంది.

ప్రాచీన తమిళ కావ్యాలలో దీని పేరు 'ఈయన్ మూదాయ్'. ఈయల్ అంటే మనం ఉసిళ్ళు అనే రెక్కల చెదలు. ఈ రెండు ప్రాణులకూ సంబంధం ఉందని ఆ పేరే చెబుతున్నది. ఆ సంబంధం ఏమిటో కాసేపట్లో తెలుస్తుంది.

ఇది ఏ కుటుంబానిది?

తెలుగులో పురుగు అనే మాట చాలా పెద్దది. చీమ పురుగే, పేడపురుగు పురుగే, బియ్యంలో పట్టేదీ పురుగే, సాలెపురుగూ పురుగే. వాడుకభాషకు ఇది చాలు, శాస్త్రానికి చాలదు. శాస్త్రజ్ఞుడు ముందుగా కాళ్ళు లెక్కపెడతాడు. చీమకు, మిడతకు, సీతాకోకచిలుకకు ఆరు కాళ్ళు. వీటినే కీటకాలు అంటారు. ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్ళు. కాబట్టి ఇది పురుగే గాని కీటకం కాదు. ఎనిమిది కాళ్ళుండే తేలు, సాలీడు, పశువులను పట్టే పిడుదు దీనికి చుట్టాలు.

కాళ్ళకు కీళ్ళుండి, శరీరంపై గట్టి పొర ఉండే జీవులన్నిటినీ కలిపి ఆర్థ్రోపొడా వర్గం అంటారు. అందులో తేళ్ళు, సాలీళ్ళు ఉండే విభాగం అరాక్నిడా. ఆ విభాగంలో అకారి అనే సమూహం ఉంది. దానిలోవాటిని ఇంగ్లీషులో మైట్లు అంటారు. మన రైతులు వాడే మాట 'నల్లి'. మంచంలో ఉండి కుట్టే నల్లి వేరు. అది ఆరుకాళ్ళ కీటకం. రైతు మిరపతోటలో తెల్లనల్లి పట్టింది, వంగకు ఎర్రనల్లి పట్టింది అన్నప్పుడు ఆయన చెప్పేది ఈ ఎనిమిది కాళ్ళ నల్లి గురించి. ఇప్పటివరకు శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన అకారి జాతులు యాభైవేలకు పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటి పొడవు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. సెంటీమీటరు వరకు పెరిగే ఆరుద్ర పురుగు ఆ లోకంలో ఏనుగు వంటిది.

సాలీడును చూస్తే శరీరం రెండు భాగాలుగా, మధ్యలో సన్నని నడుముతో కనబడుతుంది. అకారి జీవులలో ఆ విభజన లేదు. తల, రొమ్ము, పొట్ట అన్నీ కలిసి ఒకే ముద్ద. ఆరుద్ర పురుగుకు ముందువైపు ఆహారాన్ని పొడిచి పట్టే కొండ్లు, వాటి పక్కన తడిమి చూసే రెండు చిన్న అవయవాలు ఉంటాయి. కళ్ళు చిన్న కాడల చివర ఉంటాయి. గాలి పీల్చే రంధ్రాలు నోటి దగ్గరే, ముందువైపున ఉంటాయి. అందుకే ఇది చేరిన సమూహానికి 'ప్రోస్టిగ్మాటా' అని పేరు. ఆ గ్రీకు మాటకు ముందువైపు రంధ్రాలు కలవి అని అర్థం. ఒంటినిండా దట్టంగా ఉండే నూగు వల్లనే మఖమల్ మెరుపు వస్తుంది.

దీని కుటుంబం పేరు ట్రాంబిడియిడే. మన దేశంలో కనబడే పెద్ద ఎర్ర ఆరుద్ర పురుగును ట్రాంబిడియం గ్రాండిసిమం అని పిలుస్తున్నారు. గ్రాండిసిమం అంటే అన్నిటికన్నా పెద్దది. ఐరోపాలో దీని చిన్న చెల్లెలు ఒకటి ఉంది. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దానికి అకారస్ హోలోసెరిసియస్ అని పేరు పెట్టాడు. హోలోసెరిసియస్ అంటే నిలువెల్లా పట్టు అయినది. లిన్నేయస్ నల్లులను, పిడుదులను అన్నిటినీ అకారస్ అనే ఒకే ప్రజాతిలో వేశాడు. 1775లో ఆయన శిష్యుడు ఫాబ్రిషియస్ ఈ పట్టుపురుగులను విడదీసి ట్రాంబిడియం అనే ప్రజాతిని ఏర్పరచాడు. ఈనాటికీ ఆ పేరే ఉన్నది.

నేల కింది జీవితం

వానతో పాటు ఆరుద్ర పురుగులు ఆకాశం నుంచి రాలతాయని అనుకునే పిల్లలుంటారు. అవి రాలేది పైనుంచి కాదు, లేచేది కిందినుంచి. ఏడాదిలో ఎక్కువకాలం అవి మట్టిలోనే ఉంటాయి. వేసవిలో పైమట్టి కాలిపోతున్నప్పుడు, కింద చల్లగా ఉన్న చోట కదలకుండా ముడుచుకొని ఉంటాయి. వాన నీరు ఇంకి మట్టి మెత్తబడగానే పైకి వస్తాయి. బయట ఉండేది కొద్దిరోజులే.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో మొహావీ అనే ఎడారి ఉంది. అక్కడ ఆరుద్ర పురుగుకు దగ్గర బంధువైన పెద్ద ఎర్ర నల్లి ఒకటి ఉంటుంది. టెవిస్, న్యూయెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాని జీవితాన్ని ఓపికగా గమనించి 1962లో ప్రకటించారు. ఆ ఎడారిలో మంచి వాన పడిన తరువాత ఎండ కాసిన రోజున ఈ నల్లులు గుంపులుగా పైకి వస్తాయి. అదే రోజున చెదలు కూడా రెక్కలతో ఎగిరి నేలమీద వాలతాయి. నల్లులు ఆ చెదలను పట్టి కడుపునిండా తింటాయి, జతకడతాయి, కొద్ది గంటలలోనే మళ్ళీ ఇసుకలోకి తవ్వుకొని పోతాయి. ఏడాదంతటికీ వాటికి వెలుగు చూసే సమయం ఆ కొద్ది గంటలే. నోరులేని ఇసుకలో ఉన్న ప్రాణికి పైన చెదలు ఎగిరే రోజు ఎలా తెలుస్తుంది? రెండింటినీ లేపేది ఒకే వాన. తమిళుల పాత పేరులో ఉసిలి ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది.

జతకట్టే తీరు కూడా విచిత్రమైనదే. మగపురుగు నేలమీద, పుల్లల మీద సన్నని దారపు పోగులు వేసి, వాటి దగ్గర వీర్యపు చుక్కలను చిన్న కాడల మీద నిలబెడుతుంది. ఆడపురుగు ఆ పోగుల జాడ పట్టుకొని వచ్చి వాటిని తీసుకుంటుంది. తరువాత మట్టిలోకి దిగి గుడ్లను ఒక కుప్పగా పెడుతుంది.

గుడ్డు నుంచి వచ్చేది తల్లిలా ఉండదు. దానిని డింభకం అంటారు. అది ఇసుకరేణువంత ఉంటుంది. దానికి ఆరే కాళ్ళు. ఎనిమిది కాళ్ళ తల్లికి ఆరు కాళ్ళ పిల్ల! అది తల్లిలాగా వేటాడి తినదు. మిడత, ఈగ వంటి కీటకం దొరికేదాకా తిరిగి, దానిమీద ఎక్కి, రెక్కల మొదళ్ళలోనో మెత్తని కీళ్ళలోనో నోరు గుచ్చి అంటుకొని, దాని శరీరద్రవాన్ని పీల్చుతుంది. అంటే పసితనంలో ఇది పరాన్నజీవి, పెద్దయ్యాక వేటజీవి. పట్టుకున్న మిడత రెక్క ఎత్తి చూస్తే కొన్నిసార్లు ఆవగింజకన్నా చిన్నవైన ఎర్రని పూసలు వరుసగా కనబడతాయి. తూనీగ పొట్ట కింద కూడా అటువంటివి ఉంటాయి. మిడత మీదవి నేలనల్లుల పిల్లలు, తూనీగ మీదవి నీటినల్లుల పిల్లలు. రెండూ ఆరుద్ర పురుగుకు దాయాదులే.

కడుపు నిండిన డింభకం రాలి మట్టిలోకి పోతుంది. అక్కడ కాళ్ళూ చేతులూ ఆడని స్థితిలో, పట్టుగూటిలోని ప్యూపా లాగా, కొంతకాలం ఉంటుంది. ఇది మొదటి శాబక దశ. దానినుంచి ఎనిమిది కాళ్ళతో, చురుకుగా తిరుగుతూ వేటాడే రెండో శాబకం వస్తుంది. అది మళ్ళీ కదలిక లేని మూడో శాబకంగా మారుతుంది. ఆ పొరను చీల్చుకొని వచ్చేదే మనం చూసే పెద్ద ఆరుద్ర పురుగు. ఒక దశ మెలకువ, ఒక దశ నిద్ర. ఈ వరస ఈ సమూహంలోని అన్ని నల్లులలోనూ ఉంటుంది. వర్గీకరణకు ఇది కూడా ఒక గుర్తే.

పెద్ద పురుగుల ఆహారం చెదలు, చిన్న కీటకాలు, వాటి గుడ్లు. వీటికి దగ్గరిదైన యూట్రాంబిడియం అనే ప్రజాతి మిడతలకు రెండు విధాల శత్రువు. దాని డింభకాలు మిడతల రెక్కలను పట్టుకుంటాయి. ఎదిగిన నల్లులు మిడతలు మట్టిలో పెట్టిన గుడ్లను వెతికి తింటాయి. 1870ల దశకంలో అమెరికాలో మిడతల దండు పంటలను తుడిచిపెట్టినప్పుడు చార్లెస్ వాలెంటైన్ రైలీ అనే శాస్త్రజ్ఞుడు ఈ ఎర్ర నల్లులను మిడతల శత్రువులలో ఒకటిగా గుర్తించి వర్ణించాడు.

ఇంత ఎర్రగా, ఇంత మెల్లగా నడిచే ప్రాణిని కాకులు, కోళ్ళు ఏరుకొని తినవా అనే సందేహం రావచ్చు. ఆ ఎరుపే దానికి కాపలా. దాని రుచి చేదు. ఒకసారి నోట పెట్టుకున్న జంతువు రెండోసారి ఆ రంగు జోలికి రాదు. దాక్కోవలసిన పని లేనివాడు పట్టపగలు ఎర్రచొక్కా వేసుకొని తిరగవచ్చు.

ఒక ప్రాణికి రెండు పేర్లు

డింభకానికీ పెద్దదానికీ పోలిక లేకపోవడం శాస్త్రజ్ఞులను చాలాకాలం తికమకపెట్టింది. ఒకరు మిడత రెక్క మీద దొరికిన ఆరుకాళ్ళ ప్రాణిని వర్ణించి ఒక పేరు పెట్టారు. మరొకరు మట్టిలో దొరికిన ఎనిమిది కాళ్ళ ప్రాణిని వర్ణించి మరొక పేరు పెట్టారు. రెండూ ఒకే జాతి అని ఇద్దరికీ తెలియదు. ఇలా ఈ సమూహంలో ఒక జాబితా డింభకాలతో, ఒక జాబితా పెద్దవాటితో తయారయింది. ఈ రెండు జాబితాలను కలపడానికి ఒకటే దారి ఉండేది. పెద్ద పురుగును పెంచి, గుడ్లు పెట్టించి, వచ్చిన డింభకాలను సూక్ష్మదర్శినిలో చూడాలి. లేదా మిడతతో సహా డింభకాన్ని పెంచి పెద్దదయ్యేదాకా కాచుకోవాలి. ఇప్పుడు జన్యుపదార్థాన్ని పోల్చిచూసే పద్ధతి తోడయింది. అయినా తల్లి తెలిసి పిల్ల తెలియని జాతులు, పిల్ల తెలిసి తల్లి తెలియని జాతులు ఇంకా చాలా ఉన్నాయి.

పోలిక ఉన్న మరో కుటుంబం

ట్రాంబిడియిడే పక్కనే ట్రాంబిక్యులిడే అనే కుటుంబం ఉంది. పేర్లలో తేడా కొద్ది అక్షరాలే. పెరిగే దశలు కూడా ఒకటే. ఈ కుటుంబంలో కూడా పెద్దవి మట్టిలో ఉండి చిన్న జీవులను, వాటి గుడ్లను తింటాయి. తేడా డింభకాలలో ఉంది. ఆరుద్ర పురుగు డింభకం కీటకాన్ని పట్టుకుంటుంది. ఈ కుటుంబపు డింభకం ఎలుకను, చుంచును, పక్షిని, అప్పుడప్పుడు మనిషిని పట్టుకుంటుంది. దాని పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు. పొదలలో, గడ్డిలో కూర్చున్నవారి ఒంటిమీదికి అది ఎక్కినా తెలియదు.

వీటిలో లెప్టోట్రాంబిడియం డెలియెన్స్ అనే జాతి మన దేశంలో స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్ని వ్యాపింపజేస్తుంది. ఆ జ్వరానికి కారణం ఓరియెన్షియా సుసుగముషి అనే సూక్ష్మజీవి. సుసుగముషి జపాను మాట. ముషి అంటే పురుగు, సుసుగ అంటే రోగం లేదా కీడు. ఈ సూక్ష్మజీవి తల్లినల్లి నుంచి గుడ్లలోకి, గుడ్ల నుంచి డింభకాలకు సంక్రమిస్తుంది. అందువల్ల పుట్టుకతోనే డింభకం రోగాన్ని మోసుకొని వస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా అడవులలో ఎందరో సైనికులు ఈ జ్వరానికి బలయ్యారు. ఈనాటికీ తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, ఒడిశా, కర్ణాటక, మహారాష్ట్రలతో సహా అనేక రాష్ట్రాలలో వానలు తగ్గి చలి మొదలయ్యే నెలల్లో ఈ జ్వరం వస్తూ ఉంటుంది.

డింభకం కుట్టిన చోట నొప్పి ఉండదు. కొద్దిరోజులకు అక్కడ బీడీ చురక పెట్టినట్లు నల్లని పెచ్చు కడుతుంది. అది తరచు చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర, అంటే బట్టల చాటున ఉంటుంది. రోగి సిగ్గుపడి చూపడు, చూడకపోతే డాక్టరుకు తెలియదు. అందరిలోనూ ఈ పెచ్చు కనబడదు కూడా. విడవని జ్వరం, తలనొప్పితో ఉన్నవారి ఒంటిమీద ఇటువంటి మచ్చ కనబడితే వెంటనే ఆసుపత్రిలో చెప్పాలి. డాక్సీసైక్లిన్ వంటి మందు సకాలంలో ఇస్తే జ్వరం తగ్గిపోతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినవచ్చు. పశువులను మేపడానికి, కట్టెలకు, గడ్డికి వెళ్ళేవారు ఒంటినిండా బట్టలు వేసుకొని వెళ్ళి, తిరిగి రాగానే స్నానం చేసి ఆ బట్టలు ఉతుక్కోవాలి. పొదల పక్కన గడ్డి మీద పడుకోకూడదు.

ఈ రోగంతో ఆరుద్ర పురుగుకు సంబంధం లేదు. అది మనిషిని కుట్టదు.

సంతలో ఆరుద్ర పురుగు

ఛత్తీస్‌గఢ్‌లో ఆరుద్ర పురుగును 'రానీ కీడా' అంటారు. అక్కడ, ఇంకా కొన్ని ప్రాంతాలలో పేద కుటుంబాలవారు తొలివానలలో వీటిని బుట్టలకెత్తి, ఎండబెట్టి వ్యాపారులకు అమ్ముతారు. యునానీ వైద్యంలో బీర్ బహూటీకి స్థానం ఉంది. దాని తైలాన్ని పక్షవాతానికి, నరాల బలహీనతకు మందు అని అమ్ముతుంటారు. ఆధునిక వైద్యం దానిని పక్షవాతానికి మందుగా గుర్తించలేదు. ఏరేవారికి దక్కేది కొద్ది డబ్బు, దుకాణంలో దాని ధర ఎన్నో రెట్లు.

ఏరేవారికి చేతికందేది పైకి వచ్చిన పురుగులు. పైకి వచ్చేవి జతకట్టడానికి, తినడానికి వచ్చినవి. వాటిలో చాలావరకు ఇంకా గుడ్లు పెట్టనివే. కార్తె మొదట్లో ఒక బీడులో పురుగులన్నీ ఏరేస్తే ఆ బీడులో మరుసటి ఏటి తరం ఆగిపోతుంది. అగ్గిపెట్టెలో గడ్డిపరక వేసి దాచుకున్న రెండు పురుగుల సంగతీ అంతే. పెట్టెలో మట్టి లేదు, చెదలు లేవు, తడి లేదు. సాయంత్రం తెరిచి చూసేసరికి అవి ముడుచుకొని ఉంటాయి. చాలామంది పిల్లలు అవి నిద్రపోతున్నాయని అనుకుంటారు.

కొత్త పదాలు

తొలకరి : వానాకాలపు మొదటి వాన
కార్తె : సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం, సుమారు పదమూడు, పద్నాలుగు రోజులు
ఉసిళ్ళు : వానాకాలంలో పుట్టనుంచి రెక్కలతో ఎగిరే చెదలు
డింభకం : గుడ్డు నుంచి వెలువడిన మొదటి దశ
శాబకం : డింభకానికీ ప్రౌఢజీవికీ మధ్య దశ
పరాన్నజీవి : మరొక ప్రాణి శరీరం మీదగాని లోపలగాని ఉండి దానివల్ల ఆహారం పొందేది
దాయాదులు : ఒకే వంశంలోని వారు

అభ్యాసం

1. మహారాష్ట్రలో, తెలుగునాట ఒకే ప్రాణికి రెండు నక్షత్రాల పేర్లు ఎందుకు వచ్చాయి?
2. ఆరుద్ర పురుగు కీటకం కాదని ఎలా చెప్పగలరు? దాని డింభకాన్ని మాత్రమే చూసినవాడు ఎందుకు పొరబడవచ్చు?
3. 'ఇంద్రగోపం' ఏ సమాసం? విగ్రహవాక్యం రాయండి. అటువంటివే మరి రెండు పదాలు రాయండి.
4. మీరుండే రాష్ట్రపు భాషలో ఈ పురుగును ఏమంటారో మీ ఊరి పెద్దలను అడిగి, ఆ పేరుకు అర్థం తెలుసుకొని రాయండి.
5. తొలివాన పడిన తేదీ, ఆరుద్ర పురుగు మొదట కనబడిన తేదీ, ఉసిళ్ళు లేచిన తేదీ మీ నోటుపుస్తకంలో రాసిపెట్టండి. పురుగులను పట్టకుండా ఒక గట్టు పొడవునా లెక్కించండి. వచ్చే ఏడు అదే గట్టు మీద మళ్ళీ లెక్కించి రెండు లెక్కలనూ పోల్చండి.